కేబుల్ టీవీ రేటు ఎవరి చేతిలో ఉంది? రాష్ట్రానిదా, ఢిల్లీదా?

మా పాతబస్తీ గల్లీలో కేబుల్ బిల్లు ఈ మధ్య 300 నుంచి 350 అయ్యింది. ముందు చెప్పింది లేదు, కాగితం ఇచ్చింది లేదు. వసూలుకొచ్చిన కుర్రాడు "ఇస్ మహీనే సే సాఢే తీన్ సౌ, ఖాలా" అన్నాడు, అంతే. పక్కింటి ఖాలా ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతారు. చూపు సరిగా ఆనదు, మగ్రిబ్ తర్వాత సూదిలో దారం ఎక్కించలేరు. ఆ టైములో ఆమెకు టీవీయే తోడు. "యాభై అంటే నాకు ఒక చీరకు ఫాల్ కుట్టిన కూలి బేటా. ఎవరిని అడిగి పెంచారు?" అన్నారు.

బీకాం చదివాను, పైగా రిపోర్టర్ని. అందుకని అర్జీ రాసే పని నా మీద పడింది. కేబుల్ రేటు తగ్గించవలసిందిగా కోరుతూ ఒక పేజీ రాశాను. 43 సంతకాలు అయ్యాయి. తీసుకెళ్లి ఒక ప్రజాప్రతినిధి ఆఫీసులో ఇచ్చాం. అక్కడున్నాయన పైనుంచి కిందికి చదివి, "ఇది మా చేతిలో లేదు తమ్ముడూ, కేబుల్ రేట్లు ఢిల్లీవాళ్లు చూస్తారు" అని ముద్ర కొట్టి కాపీ చేతిలో పెట్టాడు. పని తప్పించుకోవడానికి అలా అన్నాడని అందరం అనుకున్నాం. తర్వాత చట్టాలు, ట్రాయ్ ఉత్తర్వులు తిరగేస్తే తెలిసింది, ఆయన చెప్పింది నిజమే. కాకపోతే సగం నిజం. మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అసలు అధికారం ఎక్కడుంది

మన రాజ్యాంగంలో ఏడో షెడ్యూల్ అని ఒకటుంది. ఏ విషయం మీద కేంద్రం చట్టం చేయాలి, ఏ విషయం మీద రాష్ట్రం చేయాలి అన్నది అందులో జాబితాలుగా పంచి పెట్టారు. పోస్టు, టెలిగ్రాఫ్, టెలిఫోన్, వైర్‌లెస్, ప్రసారాలు, ఇలాంటి సమాచార సాధనాలన్నీ కేంద్ర జాబితాలో 31వ అంశం. రాజ్యాంగం రాసిన రోజుల్లో కేబుల్ టీవీ లేదు. కానీ "ప్రసారాలు" అన్న మాట ఉంది కాబట్టి కేబుల్ వచ్చాక అది కూడా కేంద్రం ఖాతాలోకే పోయింది.

కేబుల్ మన దగ్గరికి వచ్చింది 90ల మొదట్లో. ఒక డాబా మీద డిష్, అక్కడి నుంచి ఇంటింటికీ వైరు. మొదట్లో దానికి చట్టమే లేదు. 1994లో ఆర్డినెన్స్, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం వచ్చాయి. ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని రూలు పెట్టారు. అది కూడా కేంద్రం శాఖే. 2025 జనవరి నుంచి ఆ పోస్టాఫీసు కూడా లేదు, ఆపరేటర్లు నేరుగా కేంద్ర సమాచార, ప్రసార శాఖ పోర్టల్‌లోనే రిజిస్టర్ చేసుకోవాలి.

ఈ చట్టంలో కలెక్టరుకు, పోలీసు కమిషనరుకు కొన్ని అధికారాలు ఉన్నాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెచ్చగొట్టే ప్రోగ్రాం వేస్తే ఆపించవచ్చు, చట్టాన్ని ఉల్లంఘిస్తే ఆపరేటర్ సామాను స్వాధీనం చేసుకోవచ్చు. కానీ నెలకు ఎంత తీసుకోవాలన్నది వాళ్ల పరిధిలో లేదు. శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలో, రేటు కేంద్రం చేతిలో. ఒకే వైరు, ఇద్దరు యజమానులు.

2004 దాకా రేటుకు అసలు పెద్దదిక్కే లేదు. ఒక్కో గల్లీలో ఒక్కో రేటు. ఆ ఏడాది జనవరి 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, ప్రసార, కేబుల్ సేవలను కూడా టెలికాం సేవల కిందికి తెచ్చింది. అంటే మన ఫోన్ రేట్లు చూసే ట్రాయ్‌కే టీవీ కూడా అప్పగించింది. ట్రాయ్ వారం తిరక్కుండా జనవరి 15న మొదటి ఆర్డర్ ఇచ్చింది: 2003 డిసెంబర్ 26న ఎక్కడ ఎంత వసూలు చేస్తున్నారో అదే గరిష్ఠం, దానికి మించి తీసుకోకూడదు. తాత్కాలికంగా రేట్లను ఉన్నచోట కట్టేసింది అన్నమాట. కానీ ఆ రోజు ఎంత తీసుకున్నారో ఏ గల్లీలో రసీదు ఉంది గనుక? మా అబ్బా కేబుల్‌వాడికి డబ్బులిచ్చి గోడ మీద క్యాలెండర్‌లో టిక్కు పెట్టేవారు. మా ఇంట్లో ఉన్న రికార్డు అదొక్కటే.

తర్వాత సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. రెండో విడతలో, 2013 మార్చి 31 గడువుగా పెట్టిన 38 నగరాల్లో మన హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. బాక్సు వచ్చాక ఏ ఇంట్లో ఏ చానెల్ నడుస్తోందో లెక్క తేలడం మొదలైంది. లెక్క తేలితేనే చానెల్‌కు ఇంత అని ధర పెట్టడం కుదురుతుంది.

ఆ ధరల పద్ధతిని ట్రాయ్ 2017 మార్చిలో ప్రకటించింది. పెద్ద చానెల్ కంపెనీ ఒకటి దాని మీద మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. మా చానెల్ మీద కాపీరైట్ మాది, దానికి ధర పెట్టడానికి ట్రాయ్ ఎవరు అన్నది వాళ్ల వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 అక్టోబర్ 30న సుప్రీంకోర్టు ట్రాయ్‌కే అధికారం ఉందని తేల్చింది. 2019 ఫిబ్రవరి నుంచి కొత్త బిల్లులు మొదలయ్యాయి. ఇంటింటా ఫారాలు నింపడం, ఏ చానెల్ ఉంచుకోవాలి ఏది తీసేయాలి అని అత్తాకోడళ్ల గొడవలు, అందరికీ గుర్తుండే ఉంటాయి.

350లో ఎవరికి ఎంత

బిల్లులో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి నెట్‌వర్క్ ఫీజు, బిల్లు మీద ఎన్‌సీఎఫ్ అని ఉంటుంది. ఇది వైరు లాగి సిగ్నల్ ఇచ్చినందుకు కట్టే డబ్బు. రెండోది పే చానెళ్ల ధర. ఈ రెండూ కలిపిన దాని మీద 18 శాతం జీఎస్టీ.

2019లో ట్రాయ్ పెట్టిన గరిష్ఠం 100 చానెళ్లకు 130 రూపాయలు. 2020లో మార్చి 200 చానెళ్ల దాకా అదే 130, అంతకు మించి ఎన్ని ఉన్నా 160 అన్నారు. ఇక చానెళ్ల విషయానికొస్తే, ఒక్కో చానెల్ ధర కంపెనీ ఇష్టం. కానీ దాన్ని ప్యాకులో కలిపి అమ్మాలంటే విడిగా దాని ధర 19 రూపాయలు దాటకూడదు. ప్యాకులో లేని చానెల్‌ని ఎవరు కొంటారు? అందుకని పెద్ద చానెళ్లు చాలావరకు ఆ 19 దగ్గరే ధర పెట్టాయి. మధ్యలో ట్రాయ్ ఈ 19ని 12 చేయాలని చూసింది. కోర్టులు, వాయిదాలు నడిచి, చివరికి 2022 నవంబర్‌లో మళ్లీ 19కే వచ్చింది.

అర్జీ ముద్ర వేయించుకుని వచ్చిన రెండ్రోజులకు మా గల్లీ ఆపరేటర్ దుకాణానికి వెళ్లాను. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషే. "భాయ్, ఖాలా బాక్సు నంబర్ కొట్టి బిల్లు చూపించు" అన్నాను. కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ చూపించాడు. నెట్‌వర్క్ ఫీజు 160. తెలుగు ప్యాకు 94. దాని కింద ఇంకో ప్యాకు, స్పోర్ట్స్, ఇంగ్లీషు సినిమాలు కలిపింది, 43. మొత్తం 297. దాని మీద జీఎస్టీ 53 రూపాయల 46 పైసలు. కలిపితే 350 రూపాయల 46 పైసలు.

ఆ 43 రూపాయల ప్యాకు అంతకు ముందు నెల లేదు. 43 మీద జీఎస్టీ వేస్తే 50 రూపాయల 74 పైసలు. ఖాలా అడిగిన యాభై ఇదే. రేటు పెరగలేదు, అడగని సరుకు సంచిలో వేసి డబ్బు తీసుకున్నారు.

ఖాలా ఇంగ్లీషు సినిమాలు చూడరు, క్రికెట్ అసలే చూడరు. ఎందుకు వేశావని అడిగితే ఆపరేటర్ చెప్పింది కూడా వినాలి. "పైనున్న కంపెనీ ఏరియా మొత్తానికీ ఆ ప్యాకు వేసి నాకు బిల్లు పంపింది. నేను జనం దగ్గర తీసుకోకపోతే నా చేతి నుంచి పోతుంది."

అతని లెక్క కూడా వేసి చూశాను. పై కంపెనీ, అంటే ఎంఎస్‌ఓ, స్థానిక ఆపరేటర్‌తో వేరే ఒప్పందం లేకపోతే ట్రాయ్ రూలు ప్రకారం నెట్‌వర్క్ ఫీజులో 55 శాతం ఎంఎస్‌ఓకి, 45 శాతం ఆపరేటర్‌కి. 160లో ఆపరేటర్ వంతు 72. పే చానెళ్ల 137లో 80 శాతం, అంటే 109 రూపాయల 60 పైసలు, చానెల్ కంపెనీలకు పోతుంది. మిగిలిన 27 రూపాయల 40 పైసలను కూడా అదే 55, 45 లెక్కన పంచుకుంటే ఆపరేటర్‌కి వచ్చేది 12 రూపాయల చిల్లర. మొత్తం మీద ఖాలా ఇచ్చే 350లో మనం రోజూ తిట్టుకునే మనిషికి దక్కేది 84 రూపాయలు. అందులోంచి వైరు, కరెంటు, వసూలు కుర్రాడి జీతం వెళ్లాలి. చానెల్ కంపెనీలకు దాదాపు 110, ఎంఎస్‌ఓకి 103.

ఇక జీఎస్టీ 53 రూపాయల 46 పైసల్లో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. అంటే "మా చేతిలో లేదు" అన్న రాష్ట్రం ఖాతాలో కూడా ఈ ఒక్క బిల్లు మీద 26 రూపాయల 73 పైసలు పడతాయి.

రాష్ట్రం చేతిలో ఏమీ లేదా?

రేటు పెట్టే అధికారం లేదు. కానీ రేటు మీద ప్రభావం చూపే దారులు మాత్రం ఉన్నాయి.

మొదటిది పన్ను. రాష్ట్ర జాబితాలో 62వ అంశం కింద వినోదం మీద, విలాసాల మీద పన్ను వేసే హక్కు రాష్ట్రాలకు ఉండేది. ఆ దారిలోనే కేబుల్, డీటీహెచ్ మీద కూడా పన్నులు వేశారు. కేరళ విలాస పన్ను కేసు చాలా ఏళ్లు నడిచింది. కేంద్రం సర్వీస్ టాక్స్ తీసుకుంటుంటే మళ్లీ రాష్ట్రం పన్ను ఏంటని కంపెనీలు వాదించాయి. 2025 మే 22న సుప్రీంకోర్టు, ఇద్దరూ వేయవచ్చు అంది. ప్రసారం చేయడం అన్న సేవ మీద కేంద్రం పన్ను, అది ఇంట్లో వినోదంగా చేరడం మీద రాష్ట్రం పన్ను, రెండూ వేర్వేరు అన్నది అందులోని తర్కం. అయితే అది జీఎస్టీకి ముందు కాలం లెక్క. 2017లో జీఎస్టీ వచ్చాక వినోద పన్ను అందులో కలిసిపోయింది. 62వ అంశంలో ఇప్పుడు మిగిలింది పంచాయతీలు, మున్సిపాలిటీల లాంటి స్థానిక సంస్థలు వేసి వసూలు చేసుకునే పన్ను మాత్రమే. 18 శాతాన్ని తగ్గించాలంటే ఒక్క రాష్ట్రం వల్ల కాదు, జీఎస్టీ కౌన్సిల్‌లో ఒప్పించాలి.

రెండోది కరెంటు స్తంభం. ఇది మన నగరంలో అందరూ కళ్లతో చూసిందే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ నగరమంతా స్తంభాల మీది కేబుళ్లను కోసేయడం మొదలుపెట్టింది. టీవీలు, నెట్ ఆగిపోయాయి. కేబుల్ ఆపరేటర్లు రోడ్డెక్కారు, విషయం హైకోర్టుకు చేరింది. స్తంభం రాష్ట్ర విద్యుత్ సంస్థది, దాని అద్దె, అనుమతి వాళ్లవి. రేటు ఎంత ఉండాలో ట్రాయ్ చెబుతుంది, వైరు ఉండాలా వద్దా అన్నది స్తంభం ఓనరు చెబుతాడు. స్తంభం అద్దె పెరిగితే ఆ భారం చివరికి ఆ 84 రూపాయల మీదే పడుతుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. రేటు పెట్టే అధికారం లేకపోతేనేం, తానే కేబుల్ ఆపరేటర్ అయిపోవడం. గరిష్ఠ ధరకు పరిమితి ఉంది గానీ తక్కువకు అమ్మొద్దని ఎవరూ అనరు కదా.

తమిళనాడు ఈ పనే చేసింది. అక్కడ అరసు కేబుల్ టీవీ కార్పొరేషన్‌ని 2007లో డీఎంకే ప్రభుత్వం మొదలుపెట్టింది. కరుణానిధి కుటుంబానికీ సన్ గ్రూపు మారన్ సోదరులకూ చెడిన రోజులవి. మళ్లీ కలిసిపోయాక కార్పొరేషన్ మూలనపడింది. 2011లో జయలలిత వచ్చి దాన్ని దుమ్ము దులిపారు. ఆ సెప్టెంబర్‌లో నెలకు 70 రూపాయలకే 90 చానెళ్లు అని ప్రకటించారు. ప్రైవేటు ఆపరేటర్లు 150, 200 తీసుకుంటున్న చోట 70 అంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఢిల్లీ నుంచి ఒక్క ఆర్డర్ లేకుండా తమిళనాడులో రేటు పడిపోయింది.

దీనికి ట్రాయ్ ఒప్పుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు, వాటి కంపెనీలు, రాజకీయ పార్టీలు ప్రసార, కేబుల్ వ్యాపారంలోకి రాకూడదని 2008లో సిఫారసు చేసింది, 2012లో మళ్లీ చేసింది. డిజిటల్ లైసెన్స్ కోసం అరసు కేబుల్ పెట్టుకున్న దరఖాస్తు ఏళ్ల తరబడి ఢిల్లీలో ఆగింది. 2017లో గానీ తాత్కాలిక లైసెన్స్ రాలేదు. డిజిటల్ అయ్యాక ఆ 70 నిలవలేదు. చానెల్ కంపెనీలకు ట్రాయ్ పద్ధతిలో డబ్బు కట్టాల్సిందే కాబట్టి వంద దాటింది.

ట్రాయ్ భయం ఊరికే వచ్చింది కాదు. కేబుల్ ప్రభుత్వం చేతిలో ఉంటే, నచ్చని న్యూస్ చానెల్ రాత్రికి రాత్రి కనిపించకుండా పోతుంది. ప్రభుత్వ కేబుల్ లేకుండానే మనం ఆ రుచి చూశాం. తెలంగాణ వచ్చిన కొత్తలో, 2014 జూన్‌లో, ఎంఎస్‌ఓలు రెండు తెలుగు న్యూస్ చానెళ్లను ఆపేశారు. ఎవరు చెబితే ఆపారన్న దాని మీద అప్పట్లో చాలా రాజకీయం నడిచింది. చవకగా వస్తుంది కదా అని వైరు మొత్తం సర్కారుకు అప్పగిస్తే ఈ సమస్య కూడా వెంటే వస్తుంది. నా మట్టుకు నాకు 70 రూపాయలు బాగానే అనిపిస్తుంది. కానీ అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చని వార్త కూడా ఆ 70లో రావాలి.

మన పక్కన ఆంధ్రప్రదేశ్ ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. ఏపీ ఫైబర్‌నెట్ పేరుతో నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఇస్తామని చెప్పి, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించింది. స్తంభాలు రాష్ట్రానివే, వైరు రాష్ట్రానిదే. అయినా ఇంటి దాకా తీసుకెళ్లింది మాత్రం స్థానిక కేబుల్ ఆపరేటర్లే. గల్లీలో ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసింది వాళ్లకే మరి.

మున్సిపాలిటీకి ఇస్తే బాగుంటుందా?

టీ కొట్టు దగ్గర ఇదంతా చెబుతుంటే ఒక చాచా అడిగారు, "రేటు మన కార్పొరేషన్ చేతికే ఇచ్చేస్తే పోదా?" అని. ఆయన కొడుకు చికాగోలో ఉంటాడు. ఆ అమెరికాలో అది చేసి చూశారు. అక్కడ మొదట్లో కేబుల్ కంపెనీకి లైసెన్స్ ఇచ్చి రేటు చూసింది నగరాలే, కొన్నిచోట్ల రాష్ట్రాలు. 1984లో ఫెడరల్ చట్టం వచ్చి, చాలా చోట్ల ఆ అధికారాన్ని వాళ్ల చేతుల్లోంచి తీసేసింది. రేట్లు గట్టిగా పెరిగాయి. జనం గోల చేస్తే 1992లో ఇంకో చట్టం చేశారు. అధ్యక్షుడు పెద్ద బుష్ వీటో చేస్తే, దాన్ని కూడా తోసేసి పార్లమెంటు పాస్ చేసింది. కనీస ప్యాకు రేటు నగరాలు చూడాలి, కానీ లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎఫ్‌సీసీ, అంటే వాళ్ల ట్రాయ్, చెబుతుంది. పై ప్యాకుల రేటు ఎఫ్‌సీసీయే చూడాలి. నాలుగేళ్లు తిరగకముందే 1996లో మళ్లీ చట్టం మార్చి, పై ప్యాకుల మీద నియంత్రణను 1999 మార్చి 31తో ముగించేశారు. పోటీ వచ్చింది, ఇక మార్కెట్టే చూసుకుంటుంది అన్నది కారణం. చాచాకి ఇదంతా చెప్తే, "అంటే అక్కడ కూడా తిరిగి తిరిగి కంపెనీ చేతికే పోయిందన్నమాట" అన్నారు.

2024లో జరిగింది చాలామందికి తెలియదు

చాచా అన్న మాట మన దగ్గర కూడా సగం నిజమైపోయింది. 2024 జూలై 8న ట్రాయ్ కొత్త సవరణలు తెచ్చింది. నెట్‌వర్క్ ఫీజు మీద ఉన్న 130, 160 గరిష్ఠ పరిమితిని తీసేసింది. వాళ్ల భాషలో దీన్ని ఫార్బియరెన్స్ అంటారు. అంటే అధికారం మా దగ్గరే ఉంది గానీ ప్రస్తుతానికి వాడటం లేదు, కంపెనీలు తమకు తోచిన రేటు పెట్టుకోవచ్చు అని. ఓటీటీ వచ్చింది, డీటీహెచ్ ఉంది, సర్కారు వాళ్ల ఫ్రీ డిష్ ఉంది, కనెక్షన్లు తగ్గుతున్నాయి, ఇంత పోటీలో ఎవరూ అడ్డగోలుగా పెంచలేరన్నది ట్రాయ్ నమ్మకం.

నగరంలో ఫోన్ చేతిలో ఉన్న పిల్లలకు ఈ వాదన సరిపోతుంది. ఖాలాకు స్మార్ట్ టీవీ లేదు, నెట్ లేదు. ఫ్రీ డిష్ పెట్టుకుందామంటే డాబా ఓనరుది, గొడుగు పెట్టనివ్వడు. ఆమెకు పోటీ అంటే ఆ గల్లీలో ఉన్న ఒకే ఒక్క వైరు.

ఇక్కడ సంగతి కాస్త విచిత్రంగా ఉంది చూడండి. రాష్ట్రం రేటు పెట్టలేదు, ఎందుకంటే అది కేంద్రం పని. కేంద్రం నెట్‌వర్క్ ఫీజు పెట్టగలదు, కానీ పెట్టడం మానేసింది. కేంద్రం మానేసిందని ఆ పని రాష్ట్రం తీసుకోవడానికి లేదు. రాజ్యాంగంలో జాబితా మారదు కదా. ఖాలా బిల్లులో ఇప్పటికి 160 అనే ఉంది. రేపు 180 చేస్తే ఆపే రూలు లేదు.

అయితే అన్నీ పోలేదు. ప్యాకులో పెట్టే చానెల్‌కు 19 రూపాయల పరిమితి ఇంకా ఉంది. కంపెనీ తన రేట్లన్నీ బయటికి ప్రకటించాలన్న రూలు ఉంది. చానెళ్లు ఎంచుకునే హక్కు మనదే, అడగని పే చానెల్‌కు డబ్బు వసూలు చేయడానికి వీల్లేదు. ఖాలాకు పనికొచ్చింది ఈ చివరిదే.

ఏ గుమ్మం తట్టాలి

ముందు మీ సెట్‌టాప్ బాక్సు నంబర్, కస్టమర్ నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. టీవీలోనే మెనూలో కనిపిస్తాయి. తర్వాత ఆపరేటర్‌ని రేటు తగ్గించమని అడగకండి, ముక్కలుగా బిల్లు చూపించమనండి: నెట్‌వర్క్ ఫీజు ఎంత, ఏ ప్యాకు ఎంత, జీఎస్టీ ఎంత. రేటు తగ్గించమంటే ఆయన చేతిలో లేదంటాడు, నిజంగానే లేదు. బిల్లు చూపించమంటే కాదనలేడు. మీ ఇంట్లో చూసే ఉర్దూ, తెలుగు న్యూస్ చానెళ్లలో ఉచితంగా వచ్చేవి ఏవో కూడా చూసుకోండి. వాటికి నెట్‌వర్క్ ఫీజు తప్ప వేరే ధర ఉండదు.

ఆపరేటర్ వినకపోతే ఎంఎస్‌ఓ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. నంబర్ లేకుండా ఫోన్ పెట్టేయొద్దు. అక్కడా తేలకపోతే అదే కంపెనీలో నోడల్ ఆఫీసర్ ఉంటారు. ట్రాయ్‌కి ఉత్తరం రాస్తే పనవుతుందని చాలామంది అనుకుంటారు. ట్రాయ్ రూలు పెడుతుంది గానీ ఒక్కొక్క ఇంటి తగాదా తీర్చదు. టీడీశాట్ అని ఢిల్లీలో ఒక ట్రిబ్యునల్ ఉంది, అది చానెల్ కంపెనీలు, ఎంఎస్‌ఓలు, ఆపరేటర్ల మధ్య గొడవలకు. మనలాంటి ఒంటరి వినియోగదారుడికి మన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి.

ప్రజాప్రతినిధి దగ్గరికి కూడా వెళ్లొచ్చు, కానీ ఆయన చేతిలో ఉన్నదే అడగాలి. స్తంభాల అద్దె ఎంత, ఎవరి నుంచి ఎంత తీసుకుంటున్నారు అని అడగవచ్చు. జీఎస్టీ కౌన్సిల్‌లో కేబుల్ మీద 18 శాతం గురించి మన రాష్ట్రం తరఫున ఎప్పుడైనా మాట్లాడారా అని అడగవచ్చు. ఎంపీ అయితే ట్రాయ్ 2024లో తీసేసిన పరిమితి గురించి పార్లమెంటులో ప్రశ్న వేయవచ్చు. మేం మొదట రాసిన అర్జీలో వీటిలో ఒక్కటీ లేదు. ఆ పేజీ నేనే రాశాను కాబట్టి ఆ తప్పు నాదే.

ఖాలా బాక్సులో ఆ 43 రూపాయల ప్యాకు తీయించాం. ఆపరేటర్ మొదట "అందరికీ తీయమంటే ఎట్లా భాయ్" అన్నాడు, తర్వాత తీసేశాడు. ఈ నెల బిల్లు 254 మీద 18 శాతం కలిపి 299 రూపాయల 72 పైసలు. ఖాలా 300 ఇచ్చి రసీదు అడిగారు. కుర్రాడు రసీదు బుక్కు తేలేదట, తెచ్చాకే రమ్మన్నారు. మర్నాడు తెచ్చాడు. సంతకాలు పెట్టిన మిగతా 42 ఇళ్ల బాక్సు నంబర్లు ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. జుమా తర్వాత ఒక్కొక్కటీ చూడాలి.